దవడ కీలు చుట్టూ ఎముకలో తేడాలు: స్కాన్ రిపోర్టు చూసి కంగారు పడేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

పన్ను నొప్పని ఓపీజీ (రెండు దవడలూ, పళ్ళన్నీ ఒకే ఫిల్ములో పడే ఎక్స్‌రే) తీయించుకుంటారు. రిపోర్టులో పన్ను సంగతి రెండు లైన్లలో అయిపోతుంది. కింద ఇంకో లైను కనిపిస్తుంది: "కుడివైపు న్యూమటైజ్డ్ ఆర్టిక్యులర్ ఎమినెన్స్". ఆ మాట ఫోన్‌లో వెతికితే ట్యూమర్ అనే పదం కూడా పక్కనే తగులుతుంది. ఇక ఆ రాత్రి నిద్ర ఉండదు.

నేను డెంటల్ రేడియాలజీలో పనిచేస్తాను. రోజూ ఈ ఫిల్ములే చూస్తాను. రిపోర్టు పట్టుకుని మళ్ళీ వచ్చినవాళ్ళు కూర్చోగానే అడిగే ప్రశ్నలే ఇక్కడ రాశాను. మీ నోరు, మీ కీలు చూసిన డాక్టరు చెప్పిన మాటకి ఇది బదులు కాదు. ఆ మాట అర్థం కావడానికి పనికొస్తుంది.

అసలు దవడ కీలు ఎక్కడ ఉంటుంది?

చెవి రంధ్రానికి కాస్త ముందు చూపుడువేలు ఆనించి, నోరు తెరిచి మూయండి. వేలి కింద కదిలేదే కాండైల్. కింది దవడ ఎముక పైకి పోయి గుండ్రంగా ముగిసే కొస అది. అది ఒదిగి ఉండే గుంట పేరు గ్లెనాయిడ్ ఫోసా. గుంటకి ముందు ఒక మిట్ట ఉంటుంది, దాని పేరు ఆర్టిక్యులర్ ఎమినెన్స్. గుంటా, మిట్టా రెండూ కణత ఎముకలో భాగాలే. ఎముకకీ ఎముకకీ మధ్య డిస్క్ అనే మెత్తటి పొర ఉంటుంది.

నోరు కొంచెం తెరిచినంత సేపూ కాండైల్ తలుపులా ఉన్నచోటే తిరుగుతుంది. ఇంకా తెరిస్తే గుంట వదిలి మిట్ట కిందికి, సొరుగు లాగినట్టు, ముందుకు జారుతుంది. మోకాలూ మోచెయ్యీ ఈ పని ఇలా చేయవు. పెద్దవాళ్ళకి నోరు మామూలుగా 40 నుంచి 50 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. మీ మూడు వేళ్ళు నిలువుగా పెడితే పట్టాలి.

ఈ కీలుకి ఉన్న ఇరుగుపొరుగుని గుర్తుపెట్టుకోండి. గుంట పైన మెదడు ఉంది, వెనక చెవి గొట్టం ఉంది. కణత ఎముకలోనే ఇంకాస్త వెనక్కి పోతే గాలి నిండిన అరలు ఉన్నాయి. రిపోర్టులో కనిపించే తేడాల్లో చాలావాటి మూలం ఈ పొరుగులోనే ఉంటుంది.

"గుంట పైకప్పు పలచగా ఉంది" అని రాశారు. ఎముక అరిగిపోయిందా?

లేదు. ఆ ఎముక పుట్టుకతోనే పలచన. పీజీ రోజుల్లో మా సార్ ఎండు పుర్రె ఒకటి నా చేతిలో పెట్టి, ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టుకుని లోపల్నుంచి చూడమన్నారు. మిగతా అంతా చీకటి, గుంట ఉన్నచోట మాత్రం ఎర్రగా వెలుగు. ఉల్లిపొర కాగితంలోంచి దీపం చూసినట్టుంది. చాలామందిలో అక్కడ మందం ఒక మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉంటుంది. కొందరిలో అందులో సగమే.

అంత పలచని ఎముక కింద వేరుశనగ చిక్కీ ఎలా నములుతున్నాం అని మీకు సందేహం రావచ్చు. నమిలే బలం పైకప్పు మీద పడదు. డిస్క్ మీదుగా ముందున్న మిట్ట వెనక వాలు మీద పడుతుంది. అక్కడ ఎముక గట్టిగా, మందంగా ఉంటుంది. డిస్క్ చిరిగి, ఎముకకి ఎముక రాసుకునే కీళ్ళలో పైకప్పు తిరిగి మందం కావడం కూడా చూస్తుంటాం. కాబట్టి పలచగా ఉందన్న మాట ఒక్కటే చూసి భయపడకండి.

ఎముకలో గాలి ఉందంటున్నారు. గాలి ఎలా చేరింది?

బయటి నుంచి చేరలేదు. చెవి వెనక చేత్తో తడిమితే తగిలే గట్టి ఎముక మాస్టాయిడ్. అది లోపల తేనెపట్టులా అరలు అరలుగా ఉంటుంది. ఆ అరల్లో ఉన్నది మధ్యచెవి నుంచి వచ్చే గాలే. పుట్టినప్పుడు ఈ అరలు దాదాపు ఉండవు. బాల్యమంతా పెరుగుతూ యుక్తవయసు వచ్చేసరికి ఒక రూపానికి వస్తాయి. ఎవరిలో ఎంత దూరం పాకుతాయన్నది ఒక్కొక్కరికీ వేరు. కొందరిలో చెవి వెనకే ఆగిపోతాయి. కొందరిలో చెవి మీదుగా ముందుకి వచ్చి గుంట పైకప్పులోకో, ఇంకాస్త ముందుకొచ్చి మిట్టలోకో చేరతాయి. న్యూమటైజ్డ్ అంటే గాలి అరలున్న అని, అంతే.

1985లో టిండాల్, మాటెసన్ అనే ఇద్దరు అమెరికాలో 1061 మంది ఓపీజీలు వరుసగా చూసి, మిట్టలో గాలి అరలు 28 మందిలో ఉన్నాయని రాశారు. అంటే నూటికి 2.6. తర్వాత సీబీసీటీ (కోన్ బీమ్ సీటీ) వచ్చింది. దవడని పలచటి పలకలుగా, ఏ కోణంలో కావాలంటే ఆ కోణంలో చూసే వీలు కలిగింది. దాంతో లెక్క మారిపోయింది. తుర్కియేలో ఒక పరిశీలనలో నూటికి 8 మందిలో కనిపించింది. బ్రెజిల్‌లో మరొకదానిలో మిట్టలో నూటికి 21 మందికి, గుంట పైకప్పులో 38 మందికి ఉన్నట్టు తేలింది. ఓపీజీలో ఒక ఎముక మీద ఇంకో ఎముక నీడ పడి చిన్న అరలు దాగిపోతాయి, అందుకే అంత తేడా. మా రీడింగ్ రూములో కూడా ఇవి కనిపించని వారం ఉండదు.

అది ట్యూమర్ కాదని మీరెలా చెప్పగలరు?

అడగాల్సిన ప్రశ్నే. ఫిల్ములో నల్లటి మచ్చలా కనిపించేవి ఇంకా ఉన్నాయి. హెమాంజియోమా (రక్తనాళాల గడ్డ), జెయింట్ సెల్ ట్యూమర్, అన్యూరిస్మల్ బోన్ సిస్ట్ (ఎముకలో రక్తం నిండిన తిత్తి), వేరేచోటి క్యాన్సర్ ఎముకకి పాకడం లాంటివి. ఇవి అరుదు. అయినా ప్రతి ఫిల్ముకీ వీటిని మనసులో పెట్టుకునే చూస్తాం.

మేం ముందుగా చూసేది ఎముక ఆకారం మారిందా అని. గాలి అర ఎముకని ఉబ్బించదు. పైపొరని కొరికేయదు. మిట్ట తన ఆకారంలోనే ఉంటుంది, లోపల మాత్రం బోలు. చెంప ఎముకా కణత ఎముకా కలిసే అతుకు ఒకటుంది. అరలు ఆ అతుకు దాటి ముందుకు రావు. అతుకు దాటిన నల్ల మచ్చ కనిపిస్తే నేను కుర్చీ దగ్గరికి లాక్కుని మళ్ళీ మొదట్నుంచీ చూస్తాను.

తర్వాత, ఆ అరని వెనక్కి పట్టుకుని పోతాం. స్క్రీన్ మీద ఒక్కో పలకా కదుపుతూ పోతే మిట్టలోని అర పక్క అరతో, అది ఇంకో అరతో కలుస్తూ చివరికి మాస్టాయిడ్‌లోకి దారి చూపిస్తుంది. ఇలా దారి దొరికిందంటే నా అనుమానం సగానికి పైగా తీరినట్టే. ఆపైన రంగు చూస్తాం. అదే పలకలో చెవి గొట్టం కనిపిస్తుంది, అందులో ఉన్నది గాలి. అర కూడా అంతే నల్లగా ఉంటే లోపల గాలే. బూడిద రంగులో ఉంటే ఆగి ఆలోచించాలి. అలా ఉన్నంత మాత్రాన గడ్డ అని కాదు. చెవిలో ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు అరల్లో నీరు చేరినా అలాగే కనిపిస్తుంది. అప్పుడు ఈఎన్‌టీ డాక్టరుకి పంపిస్తాం, అవసరమైతే సీటీ లేదా ఎమ్మారై అడుగుతాం.

నొప్పి, వాపు, తిమ్మిరి, ముఖం ఒకవైపు పెరగడం ఉంటే మాత్రం "ఇది మామూలే" అని ఎవరూ తేల్చేయకూడదు.

హాని లేనిదైతే రిపోర్టులో రాసి మమ్మల్ని భయపెట్టడం దేనికి?

మొదట్లో నేనూ ఇలాగే అనుకునేవాణ్ణి. ఒక ఓపీజీలో రెండువైపులా మిట్టలో బుడగల్లాంటి అరలు కనిపించాయి. పేషెంటుకి పన్ను సమస్య తప్ప ఇంకేం లేదు. రాస్తే టెన్షన్ పడతారని రాయలేదు. కొన్నేళ్ళకి అదే మనిషి దవడ పదేపదే జారిపోతోందని సర్జన్ దగ్గరికి వెళ్ళారు. పాత రిపోర్టులో ఏమీ లేదు కదా అని మామూలుగా సిద్ధమయ్యారు. ఆపరేషన్ ముందు రోజు ఆ సర్జన్ ఎందుకో అనుమానం వచ్చి సీబీసీటీ తీయించారు. మిట్ట నిండా గాలి. అదృష్టం కొద్దీ ముందే తెలిసింది, పద్ధతి మార్చుకున్నారు. ఆ సాయంత్రం ఆయన ఫోన్ చేసి, కోపం లేకుండానే, "మీకు కనిపించిందా?" అని అడిగారు. కనిపించిందనే చెప్పాను. అప్పట్నుంచి కనిపించిన ప్రతి అరా రాస్తున్నాను. పక్కనే "మామూలు తేడా, చికిత్స అక్కర్లేదు" అని కూడా రాస్తున్నాను.

సర్జన్‌కి ఇది ఎందుకు ముఖ్యమో చెప్తాను. ఆవలించినా, గట్టిగా నవ్వినా దవడ జారిపోయి మూతపడని వాళ్ళకి చేసే ఆపరేషన్లలో ఒకటి ఎమినెక్టమీ. మిట్టని చెక్కేసి, కాండైల్ తిరిగి గుంటలోకి వెళ్ళడానికి అడ్డం లేకుండా చేస్తారు. ఆ మిట్ట బోలుగా ఉంటే ఉలి దిగగానే అరలు తెరుచుకుంటాయి. కీలుకీ చెవి అరలకీ మధ్య దారి పడుతుంది. అరలు పైదాకా ఉంటే మెదడు పొరకీ ఉలికీ మధ్య మిగిలేది కాగితం మందం ఎముక. దవడ ఆపరేషన్లలో మిట్ట మీద ప్లేటు బిగించే పద్ధతులున్నాయి, కీలు మొత్తం మార్చి పైగుంటకి కృత్రిమ భాగం స్క్రూలతో బిగించడం ఉంది. బోలు ఎముకలో స్క్రూ పట్టు నిలవదు.

ఇంకొకటి. చెవి లోపలి ఇన్‌ఫెక్షన్ మాస్టాయిడ్‌కి పాకినప్పుడు ఈ అరల దారి పట్టుకుని కీలుదాకా రావచ్చు. పిల్లల్లో అలా వచ్చిన ఇన్‌ఫెక్షన్‌కి కీలు అతుక్కుపోయి నోరు తెరుచుకోకుండా పోయిన సందర్భాలున్నాయి. పిల్లల చెవిలో చీము కారుతుంటే "అదే తగ్గుతుందిలే" అని వదిలేయొద్దని నేను ప్రతి తల్లికీ బతిమాలి చెప్పేది అందుకే.

నోరు తెరిస్తే టక్కుమంటుంది. ఆ గాలి వల్లేనా?

కాదు. ఆ శబ్దం సాధారణంగా డిస్క్ జరిగి మళ్ళీ తన చోటికి వచ్చేటప్పుడు వస్తుంది. ఏ బాధా లేని వాళ్ళని ఎమ్మారైలో చూస్తే దాదాపు మూడోవంతు మందిలో డిస్క్ కాస్త జరిగే ఉంది. నొప్పి లేకుండా, నోరు పూర్తిగా తెరుచుకుంటూ ఉంటే శబ్దం ఒక్కటే చికిత్స కోరదు. నొప్పి ఉంటే ముందు కండరాలు చూడాలి. పరీక్షల రోజుల్లో రాత్రిళ్ళు పళ్ళు బిగించే పిల్లలు, కంప్యూటర్ ముందు దవడ బిగబట్టి కూర్చునేవాళ్ళు, ఒకేవైపు నమిలేవాళ్ళు చాలామంది ఉంటారు.

కాండైల్‌కి రెండు తలలున్నాయట. పుట్టుకతోనా?

బైఫిడ్ కాండైల్ అంటారు. కాండైల్ పైభాగంలో ఒక గాడి పడి, గుండ్రంగా ఉండాల్సింది రెండు బొడిపెలుగా కనిపిస్తుంది. వాషింగ్టన్ మ్యూజియంలో పనిచేసిన అలెష్ హర్డ్‌లిచ్కా ఎండు పుర్రెల్లో దీన్ని గమనించి 1941లో వివరంగా రాశారు. చాలామందికి ఇది ఉన్నట్టే తెలియదు, ఇంకో పనికి తీసిన ఫిల్ములో బయటపడుతుంది.

కారణం ఒక్కటే అని చెప్పలేం. రెండు తలలు పక్కపక్కన, అంటే ఒకటి లోపలివైపు ఒకటి బయటివైపు ఉంటే ఎదుగుదలలో వచ్చిన తేడా కావచ్చు. ఒకదాని వెనక ఒకటి ఉంటే పాత దెబ్బని అనుమానిస్తాం. ఇది ఖాయమైన సూత్రమేమీ కాదు. అందుకే ఇలాంటి ఫిల్ము చూశాక నేను పేషెంటుని గడ్డం పైకెత్తమంటాను. గడ్డం కింద పాత కుట్ల మచ్చ చాలాసార్లు కనిపిస్తుంది. "చిన్నప్పుడు మెట్ల మీద పడ్డాను సార్, నాలుగు కుట్లు పడ్డాయి" అంటారు. గడ్డానికి తగిలిన దెబ్బ దవడ ఎముక వెంట పైకి పోయి కాండైల్‌ని విరుస్తుంది. చిన్నపిల్లల్లో అది దానంతటదే అతుక్కుంటూ కొత్త ఆకారం తీసుకుంటుంది. ఆ రోజు గడ్డానికి కుట్లు వేస్తారు, చెవి ముందు సంగతి ఎవరూ చూడరు. మీ పిల్లలు గడ్డం మీద పడితే నోరు నిటారుగా తెరుచుకుంటోందా, చెవి ముందు నొక్కితే నొప్పి ఉందా అని డాక్టరుని తప్పకుండా అడగండి.

రెండు తలలున్నా నోరు బాగా తెరుచుకుంటూ నొప్పి లేకపోతే వదిలేయొచ్చు. నోరు ఏడాదికేడాది బిగుసుకుపోతుంటే, కీలు అతుక్కుపోతోందేమో చూడాలి.

మా పాపకి 14 ఏళ్ళు. కాండైల్ పైపొర స్పష్టంగా లేదని, ఎముక తినేసినట్టుందని ఎవరో అన్నారు.

ఇది నన్ను ఎక్కువ బాధపెట్టే పొరపాటు, ఎందుకంటే ఇందులో నష్టపోయేది ఆరోగ్యంగా ఉన్న పిల్ల. పెద్దవాళ్ళ కాండైల్ చుట్టూ తెల్లటి గీత, పెన్సిల్‌తో గీసినట్టు, కనిపిస్తుంది. అదే ఎముక గట్టి పైపొర. ఎదిగే పిల్లల్లో ఆ గీత ఉండదు, ఎందుకంటే అక్కడ ఇంకా ఎముక పెరుగుతోంది. పన్నెండు, పద్నాలుగేళ్ళ మధ్య మొదలై ఆ గీత మెల్లగా కట్టుకుంటూ వచ్చి ఇరవై ఒకటి, ఇరవై రెండు ఏళ్ళకి నిండుగా కనిపిస్తుంది. పద్నాలుగేళ్ళ పిల్ల ఫిల్ములో గీత మసకగా ఉండటం ఆ వయసుకి సహజం.

మిట్ట కూడా అంతే. పుట్టిన బిడ్డకి అది దాదాపు చదునుగా ఉంటుంది. పాలపళ్ళు వచ్చే కాలంలో వేగంగా పెరుగుతుంది. పదేళ్ళకి పెద్దవాళ్ళ వాలులో 70 శాతం పైన, ఇరవైకి 90 పైన వస్తుంది. పిల్లల ఫిల్ముని పెద్దవాళ్ళ కొలతతో చూస్తే ప్రతి పిల్లా రోగిలాగే కనిపిస్తుంది.

అలాగని పిల్లల్లో కీళ్ళవాతం లేదనడం లేదు. పొద్దున్నే దవడ బిగుసుకుపోవడం, నోరు తెరిచేటప్పుడు ఒకవైపు లాగేయడం, గడ్డం వెనక్కి పోతుండటం, మోకాళ్ళో మణికట్లో వాయడం ఉంటే పిల్లల కీళ్ళవాతం డాక్టరుకి చూపించాలి. అక్కడ కాంట్రాస్టు ఇచ్చి తీసే ఎమ్మారై ఉపయోగపడుతుంది.

కాండైల్ చదునుగా ఉందట, కుడి ఎడమలకి తేడా ఉందట. ఆర్థరైటిస్సేనా?

ముందునుంచి చూస్తే కాండైల్ ఉబ్బుగా, చదునుగా, కోణంగా, గుండ్రంగా నాలుగు రకాలుగా ఉంటుందని అరవై ఏళ్ళ కిందటే వర్గీకరించారు. ఒకే మనిషిలో రెండువైపులా రెండు రకాలు ఉండటం మామూలే. చదును ఒక్కటే చూసి ఆర్థరైటిస్ అని రాయకూడదని ఇప్పటి ప్రమాణాలు చెబుతున్నాయి. పైపొర కొరుక్కుపోవడం, అంచున ముక్కులా ఎముక పెరగడం, పైపొర కింద తిత్తులు లాంటివి ఉంటేనే ఆ మాట వాడతాం. అది కూడా మనిషి బాధతో కలిపి చూశాకే. ముఖం ఒకవైపుకి రానురాను తిరిగిపోతుంటే, పళ్ళు కలిసే తీరు మారిపోతుంటే సంగతి వేరు. ఒకవైపు కాండైల్ ఇంకా పెరుగుతోందేమోనని బోన్ స్కాన్ చేయిస్తారు.

తింటుంటే చెవిలోంచి నీళ్ళు కారతాయి. దవడకీ దీనికీ సంబంధం ఉంటుందా?

ఉండొచ్చు. చెవి గొట్టం ముందుగోడ ఎముకలో పుట్టినప్పుడు ఒక చిన్న సందు ఉంటుంది. అయిదేళ్ళు వచ్చేసరికి అది మూసుకుపోవాలి. కొందరిలో మూసుకోదు. జర్మన్ శరీరశాస్త్రవేత్త ఎమిల్ హుష్కే పేరున దాన్ని హుష్కే రంధ్రం అంటారు. కీలుకి సరిగ్గా వెనక, లోపలివైపు ఉంటుంది. సీటీలలో చూసినవాళ్ళు నూటికి అయిదుగురి దగ్గర్నుంచి, సీబీసీటీలో మరీ సన్నటి పలకలుగా చూసినవాళ్ళు పదిహేడు, పద్దెనిమిది మందిదాకా ఉందని లెక్క చెప్పారు. వీళ్ళలో దాదాపు అందరికీ ఏ బాధా ఉండదు.

అరుదుగా కొందరిలో కీలు వెనకుండే మెత్తటి భాగం ఆ సందులోంచి చెవి గొట్టంలోకి తోసుకొస్తుంది. నోరు మూస్తే చెవిలో చిన్న బుడిపె ఉబ్బుతుంది, తెరిస్తే లోపలికి పోతుంది. ఈఎన్‌టీ డాక్టరు చెవిలో చూస్తూ మిమ్మల్ని నోరు తెరిచి మూయమంటే అది కళ్ళముందే కదులుతుంది. ఇంకా అరుదుగా లాలాజల గ్రంథి నుంచి దారి పడి తినేటప్పుడు చెవిలోకి నీరు వస్తుంది. ఇలాంటివాళ్ళు చెవి కారుతోందని ఏళ్ళతరబడి చుక్కల మందులు వాడుతుంటారు. తినేటప్పుడే కారుతుందన్న సంగతి మీరు చెప్తే తప్ప డాక్టరుకి తెలియదు, అది తప్పకుండా చెప్పండి. కారే చెవిలో గోరువెచ్చని నూనె పోయడం మాత్రం ఆపండి.

దవడ కీలులోకి సన్నటి గొట్టం పంపి చేసే ఆర్థ్రోస్కోపీకి ముందు ఈ రంధ్రం ఉందో లేదో చూడటం మంచిది. ఉంటే పరికరం దారి తప్పి చెవిలోకి పోయే ప్రమాదం ఉంది.

నోరు సరిగా తెరుచుకోవడం లేదు, కానీ కీలు బాగుందన్నారు. మరి ఎందుకు?

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువసార్లు కారణం వక్క, గుట్కా. బుగ్గల లోపలి పొర తెల్లబడి తాడులా గట్టిపడుతుంది. దాన్ని స్కాన్ చూపించదు, వేలు పెట్టి తడిమితే తెలుస్తుంది. ఎముక వల్ల అయితే కాండైల్‌కి ముందుండే కొరొనాయిడ్ అనే కొమ్ము మరీ పొడుగు పెరిగి, నోరు తెరిచేటప్పుడు చెంప ఎముకకి లోపల్నుంచి తగులుకుంటుంది. మగపిల్లల్లో యుక్తవయసులో నొప్పి లేకుండా మొదలవుతుంది. నోరు తెరిపించి తీసిన సీటీలో తగులుకునే చోటు కనిపిస్తుంది.

ఓపీజీ ఉందిగా, సీబీసీటీ ఎందుకు? ఎమ్మారై ఎందుకు?

ఓపీజీ ఊరి మ్యాప్ లాంటిది. అన్నీ ఒకేచోట కనిపిస్తాయి, కొలతలు నమ్మలేం. కాండైల్ అందులో వాలుగా పడుతుంది, మిట్ట మీద చెంప ఎముక నీడ పడుతుంది. దవడ పైగట్టున కాండైల్‌కీ దాని ముందు కొమ్ముకీ మధ్య ఉండే నొక్కు కింద కనిపించే మామూలు పల్లాన్ని కూడా తిత్తి అనుకునే అవకాశం ఉంది. సీబీసీటీ ఎముకని ఎముకగా చూపిస్తుంది. కాండైల్ ముఖానికి సూటిగా ఉండదు, దాని పొడవు కాస్త వెనక్కి తిరిగి ఉంటుంది. అందుకే ఒక్కో కాండైల్ కోణం కొలిచి, ఆ కోణానికి సరిపడా పలకలు కోసి చూడాలి. అలా కాకుండా సూటిగా కోసి చూస్తే మామూలు కాండైల్‌కి కూడా రెండు తలలున్నట్టు అనిపించొచ్చు.

డిస్క్ సీబీసీటీలో కనిపించదు. దానికి ఎమ్మారై కావాలి. ఎముక ప్రశ్నకి సీబీసీటీ, డిస్క్ ప్రశ్నకి ఎమ్మారై. డాక్టరుని "దీనితో మీకు ఏం తెలుసుకోవాలనుంది?" అని అడగడంలో తప్పులేదు.

రేడియేషన్ సంగతి?

ప్రకృతి నుంచి మనందరి మీదా పడే రేడియేషన్ ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు, అంటే రోజుకి ఆరేడు మైక్రోసీవర్ట్‌లు. ఓపీజీకి సుమారు 15 నుంచి 25 మైక్రోసీవర్ట్‌లు పడుతుంది. సీబీసీటీకి యంత్రాన్ని బట్టి, ఎంత భాగం తీస్తారన్నదాన్ని బట్టి కొన్ని పదుల నుంచి కొన్ని వందల దాకా. కీళ్ళు మాత్రమే కావాలంటే తల మొత్తం తీయించక్కర్లేదు, అది అడగండి. మన దేశంలో ఎక్స్‌రే యంత్రాలకి ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ బోర్డు) అనుమతి ఉండాలి, అది కూడా అడగొచ్చు. గర్భం ఉంటే ముందే చెప్పండి. తొందర లేని స్కాన్ వాయిదా వేస్తాం.

స్కాన్‌కి ఎలా వెళ్ళాలి? రిపోర్టు ఏం చేసుకోవాలి?

కమ్మలు, జుకాలు, ముక్కుపుడక, హెయిర్‌పిన్నులు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్ళ సెట్టు తీసేయాలి. చెవి కమ్మ నీడ సరిగ్గా కీలు మీదే పడుతుంది, ఇంట్లోనే తీసి రండి. నోరు మూసి తీసేటప్పుడు పళ్ళు మామూలుగా కలిపి ఉంచండి, మింగొద్దు. తెరిచి తీయాలంటే మధ్యలో ఆనుకోవడానికి ఏదైనా ఇస్తారు.

కాగితం రిపోర్టుతో ఆగొద్దు. స్కాన్ మొత్తాన్ని డైకామ్ ఫైళ్ళుగా సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో తీసుకోండి. కిటికీకి ఆనించి ఫోన్‌తో తీసిన ఫిల్ము ఫొటో వాట్సాప్‌లో పంపిస్తే, అందులో గాలి అరలు చూడటం మాకు సాధ్యం కాదు.

ప్రతి ఏడాదీ మళ్ళీ తీయించాలా? ఇంట్లోవాళ్ళకి కూడా?

అక్కర్లేదు. గాలి అరలకీ, రెండు తలల కాండైల్‌కీ, హుష్కే రంధ్రానికీ ఊరికే పరీక్ష కోసం స్కాన్లు తీయం. బాధ కొత్తగా మొదలైతేనో, ఆపరేషన్ అనుకుంటేనో తీస్తాం. ఇంట్లోవాళ్ళకి చేయించే పనే లేదు.

మరి ఎవరికి చెప్పాలి?

దవడ జారిందని, కీలు ఆపరేషన్ అని, చెవి ఆపరేషన్ అని ఎవరి దగ్గరికి వెళ్ళినా, మొదటి రోజే పాత సీడీ బల్ల మీద పెట్టండి. "నా కుడివైపు మిట్టలో గాలి ఉందని రాశారు" అన్న ఒక్క మాట చాలు, మిగతాది వాళ్ళు చూసుకుంటారు. సీడీ కవరు మీద తీసిన తేదీ, ఏవైపో పెన్నుతో రాసి, ఆధార్ జిరాక్సులు పెట్టుకునే ఫైల్లోనే దాన్నీ పెట్టుకోండి.